నవ్వొచ్చిన పాస్‌వర్డు

నవ్వొచ్చిందన్న సంగతి గుర్తుంది, ఎందుకొచ్చిందో గుర్తు లేదు, అదీ ఆమెకి వచ్చిపడ్డ చిక్కు. ఈ బల్ల మీదే, ఈ చివరే, గోడకి వీపు ఆనించుకుని గాజు తలుపులోంచి వీధిని చూస్తూ ఆ రోజు పాస్‌వర్డు అల్లుకుంది, అల్లుకుని తనలో తనే పొట్ట పట్టుకుని నవ్వుకుంది, లోపల్నుంచి బాబాయి "ఏంటే పిల్లా, ఒక్కదానివే నవ్వుతున్నావు, బాగానే ఉన్నావా?" అని కేక కూడా వేశాడు. బాబాయి కేక గుర్తుంది. ఎవరో తినేసి పారేసిన బిస్కెట్టు పొట్లం ఫ్యాను గాలికి బల్ల కింద అటూ ఇటూ పాకడం గుర్తుంది. ఎదురుగా టైర్ల కొట్టు, దాని పక్కన సెలూను, సెలూను ముందు తాడు మీద తెల్లటి తువ్వాళ్ళు, అన్నీ గుర్తున్నాయి. కావలసిన ఆ ఒక్క ముక్కే లేదు. లోపలి గదిలో కళ్ళజోళ్ళ అద్దాలు కోసే మిషను పొద్దున తనంతట తనే ఆగి, తనంతట తనే లేచి, ఎన్నడూ లేనిది పాస్‌వర్డు చెప్పమంది. ఆమె టైర్లు అంది, తువ్వాళ్ళు అంది, టైర్లూ తువ్వాళ్ళూ అంది, తువ్వాళ్ళూ క్షవరమూ అంది. చివరికి దానికి విసుగొచ్చి, చాలాసార్లు తప్పు కొట్టారు, గంట తర్వాత ప్రయత్నించండి అని ముఖం తిప్పుకుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది. అప్పుడూ తప్పితే కంపెనీ మనిషి వచ్చి తెరవాలట. కంపెనీ మనిషి అంటే ఎల్లుండికి గానీ రాడు. ఎల్లుండి వస్తే ఎవరికి కావాలి, నాటకం ఈ సాయంత్రమైతే.

నాటకం సంగతి బల్ల రెండో చివర కూర్చున్నావిడది. ఒళ్ళో గుడ్డ సంచీ, సంచీలో స్క్రిప్టు, చేతి రుమాల్లో మూటగట్టుకున్న కళ్ళజోడు ముక్కలు. ప్రాంప్టరమ్మ అంటారు ఆవిడని నాటకాల వాళ్ళు, ఈ షాపులోనూ అదే పేరు. తెర పక్కన చీకట్లో స్టూలు మీద కూర్చుని, స్టేజీ మీద నోరు తెరిచి నిలబడిపోయిన వాళ్ళకి మాట అందించడం ఆవిడ పని. "ఎలా పగిలిందండీ?" అని పొద్దున ఆమె అడిగితే, "రిహార్సల్లో మహారాజు కూర్చున్నాడమ్మా దాని మీద. సింహాసనం అనుకున్నాడు" అంది, ఆ మహారాజు మీద ఇసుమంత కోపం లేకుండా. స్క్రిప్టు నోటికొచ్చట ఆవిడకి. నోటికొస్తే చాలదట. "వాడు రెండో అంకంలోంచి నాలుగో అంకంలోకి దూకుతాడు, అక్కణ్ణుంచి నిరుడు ఆడిన ఇంకో నాటకంలోకి దూకుతాడు. వాడెక్కడ తేలాడో వెతికి పట్టుకోవాలంటే పేజీలు కనబడాలి కదా తల్లీ." అదృష్టమో ఏమో, ఆవిడ కిందటి వారం ఇంకో జత చెయ్యమని చెప్పిపోయింది, సీసా అడుగులాంటి ఆ పవరు అద్దాలు నిన్ననే వచ్చాయి. వేరే షాపుల్లో ఆ పవరు దొరకదు. అద్దాలు ఇక్కడే ఉన్నాయి, ఫ్రేము ఇక్కడే ఉంది, కోసే మిషనూ ఇక్కడే ఉంది. నోరు తెరవనిది తన బుర్ర ఒక్కటే.

పోనీ ఎవరినైనా అడుగుదామా అంటే, ఆ పాస్‌వర్డు ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. బాబాయికి చెప్పబోతే చెవులు మూసుకున్నాడు. "నాకు చెప్పకే. నాకు చెబితే కళ్ళజోడు కోసం వచ్చిన వాళ్ళందరికీ చెప్పినట్టే." అది నిజమే, బాబాయి సంగతి బాబాయికి బాగా తెలుసు. ఇప్పుడు విమానంలో ఉన్నాడు, కొత్త ఫ్రేముల ప్రదర్శన చూడ్డానికి, షాపు మొదటిసారి ఆమె చేతిలో పెట్టి. వెళ్ళేముందు తాళంచెవులు ఇస్తూ ఏదో పెద్ద మాట చెబుతాడనుకుంటే "ఫ్యాను ఆపడం మర్చిపోకు" అన్నాడు. అంతకన్నా నమ్మకంగా ఇంకెవరు మాట్లాడతారు? మనిషి మీద అనుమానం ఉంటే ఫ్యాను దగ్గర ఆగడు కదా, గల్లాపెట్టె దాకా వెళ్తాడు. ఆ నమ్మకం మీద ఇవాళే బండ పడేటట్టుంది. పాస్‌వర్డు మార్చుదామని పట్టుబట్టిందీ తనే. మార్చక ఏం చేస్తుంది, అంతకుముందు ఉన్నది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. గోడ మీద అక్షరాల చార్టు ఉంటుందే, పైన ఇంతేసి అక్షరాలూ కిందికొచ్చేకొద్దీ చీమలంతవీ, అందులో నాలుగో వరస బాబాయి పాస్‌వర్డు. మర్చిపోతే తల పైకెత్తి చూసుకోవచ్చుగా అని ఆయన తెలివి. రోజూ ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడి చేతా బాబాయే "నాలుగో వరస చదవండి, గట్టిగా, ఇంకా గట్టిగా" అని చదివించేవాడు. ఊళ్ళో చూపు సరిగ్గా లేనివాళ్ళందరికీ తెలిసిన పాస్‌వర్డు అది. సగం మందికి తప్పుగా తెలుసు, అదొక్కటే రక్షణ.

బాబాయొక్కడే కాదు, మనుషులంతా అంతే. పిన్నిది పిల్లల పేర్లు, పేర్ల వెనక వాళ్ళు పుట్టిన సంవత్సరం, పిన్ని పిల్లల్ని వీధిలోకి పిలిచిందంటే సగం పాస్‌వర్డు వీధిలో ఉన్నట్టే. అద్దాలు సానబట్టే మావయ్యది తన మోటారుసైకిలు నంబరు, ఆ బండి పొద్దస్తమానం షాపు ముందే నిలబడి వచ్చేపోయే వాళ్ళకి నంబరు చూపిస్తూ ఉంటుంది. ఆమె ఎవరినీ తప్పుపట్టదు, చూస్తూ ఉంటుంది అంతే. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. పల్లెటూరి బళ్ళో చివరి వరసలో కూర్చుని, బోర్డు మీద తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడక, ఆ పొగలో కుందేళ్ళనీ పడవలనీ వెతుక్కునేది. లెక్కల మాస్టారు ఎప్పుడూ చిరునవ్వుతో ఉంటారని ఎంత ఇష్టపడేదో. బాబాయి కళ్ళజోడు తెచ్చి పెట్టిన రోజు చూస్తే అది నవ్వు కాదు, పైకి మెలితిప్పిన మీసం. మీసం కింద నోరు బిగించే ఉంది, బహుశా ఎప్పుడూ అంతే. ఆ రోజు ఎంత బెంగపడిందో, అందరూ కొత్త కళ్ళజోడు ముక్కు మీద నొక్కుతోందేమో అనుకున్నారు. అయినా ఆ బళ్ళోనే నేర్చుకుంది గుర్తుపెట్టుకునే కిటుకు. నదుల పేర్లు వరసగా చెప్పమంటే మిగతా పిల్లలు ఊగుతూ వల్లించేవాళ్ళు, తను ఒక్కో నదిని ఒక్కో ఆడమనిషిని చేసి, ఒకావిడ ఇంకొకావిడ జడ పట్టుకు లాగుతున్నట్టు ఊహించుకునేది, ఒక్క పేరూ తప్పేది కాదు. పాస్‌వర్డూ అంతేనని ఆమె నమ్మకం. సొంత పేరూ ఊరి పేరూ పుట్టిన రోజూ కాకూడదు, వాటిని ఎవడైనా పట్టేస్తాడు. ఒక్క మాట కాకూడదు, ఎంత కష్టమైన మాటైనా ఒక్కటే అయితే పాస్‌వర్డులు పట్టే మిషన్లు ఊదిపారేస్తాయి. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలు కావాలి, వాటిని కలిపితే బొమ్మ రావాలి, ఆ బొమ్మ చూస్తే నవ్వు రావాలి. నవ్వొచ్చింది మనిషి మర్చిపోడు. ఇదీ తన సిద్ధాంతం, పిన్నికి చెప్పింది, సాన మావయ్యకి చెప్పింది, షాపుకొచ్చిన వాళ్ళలో అడిగిన వాళ్ళకీ చెప్పింది, ఇప్పుడు ఆ సిద్ధాంతం చెప్పిన మనిషే బల్ల మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

"ఆ పాత సానబండ అమ్మెయ్యకుండా ఉంటేనా" అన్నాడు సాన మావయ్య లోపలి గది గుమ్మంలోకి వచ్చి, చేతులు తుడుచుకోవడానికి ఏమీ లేకపోయినా తుడుచుకుంటూ. "ఈపాటికి చేత్తో అరగదీసి ఇచ్చేసి పంపేవాణ్ణి. సానబండ ఎప్పుడైనా నువ్వెవరు అని అడిగిందా? పాస్‌వర్డు చెప్పమందా?"

"మీరు అరగదీసిన అద్దం పెట్టుకుని మా పిన్ని గేటు అనుకుని గోడలోకి నడిచింది మావయ్యా."

"అది మీ పిన్ని నడకలో తప్పు."

ప్రాంప్టరమ్మ కిసుక్కున నవ్వింది. అటూ ఇటూ తల తిప్పి, ఎవరు ఎక్కడున్నారో గొంతుని బట్టి పట్టుకుంటోంది ఆవిడ, ముఖాలు ఆవిడకి పిండి ముద్దలే ఇప్పుడు. "నా ఫోనుకీ ఉందమ్మా పాస్‌వర్డు. చెప్పనా? మా హీరో ఎప్పుడూ మర్చిపోయే డైలాగు. ప్రతి ఆటకీ నేనే అందించాలి కాబట్టి నేను చచ్చినా మర్చిపోను. వాడు నా ఫోను ఎత్తుకెళ్ళినా తెరవలేడు." ఎవరైనా వినేస్తారని భయం లేదా అని ఆమె అడిగితే, "ఏ డైలాగో చెప్పానా?" అంది ఆవిడ. "వాడు మర్చిపోయేవి ఒకటా రెండా!" బాగుంది అనుకుంది ఆమె, చాలా బాగుంది, ఎవరి బతుకులోంచి వాళ్ళు తీసుకోవాలి, పక్కవాడికి అది బతుకులా కనబడకూడదు. అయితే తను తీసుకున్నదేదీ? ఈ వీధిలోంచే తీసుకుంది. ఏముంది ఈ వీధిలో నవ్వడానికి? టైర్ల కొట్టు ముందు కప్పిపెట్టిన టైర్ల గుట్ట. దాని మీద మాసిపోయిన బూడిదరంగు పట్టా. పట్టా కట్టిన తాడు కొస వేలాడుతోంది. సెలూనుకి ఇవాళ సెలవు, తువ్వాళ్ళు లేవు, షట్టరు మీద దుమ్ము. ఒక సైకిలు, సైకిలు మీద ఒక మనిషి, మనిషి నోట్లో ఈల. నవ్వొచ్చేది ఒక్కటి లేదు. అన్నీ వాటి వాటి చోట, వాటి వాటి పేర్లతో, అంచులు అరిగిపోకుండా, బుద్ధిగా ఉన్నాయి. తన కళ్ళజోడు ముక్కు మీదికి నొక్కుకుని ఇంకోసారి చూసింది. ఇంకా బుద్ధిగా కనిపించాయి.

"ఆలోచించకమ్మా అంతగా" అంది ప్రాంప్టరమ్మ. "మర్చిపోయినవాడు ఆలోచించాడంటే ఇక అంతే సంగతులు, ఉన్న డైలాగులూ పోతాయి. మేమేం చేస్తామో తెలుసా? లైను మొత్తం చెప్పం. మొత్తం చెబితే వాడు వింటూ కూర్చుంటాడు. మొదటి మాట విసిరి ఊరుకోవాలి. మిగతాది వాడి ఒంట్లోనే ఉంటుంది, నాలిక లాక్కొస్తుంది."

"మొదటి మాట మీకు తెలిస్తే కదండీ విసరడానికి."

"అదీ నిజమేలే."

కంపెనీ మనిషి వస్తాడు, బాబాయి దిగుతాడు, ఫోను చేస్తాడు, ఫ్యాను ఆపావా అని అడుగుతాడు, ఫ్యాను ఆపాను బాబాయ్, మిషను కూడా ఆపాను అని చెప్పాలి. సాయంత్రం తెర లేస్తుంది, మహారాజు రెండో అంకంలోంచి ఎక్కడికో దూకుతాడు, దూకి అక్కడే నిలబడతాడు, తెర పక్కన చీకట్లో ఈవిడ పేజీలు తడుముకుంటుంది, జనం ముందు ఓపికపడతారు, తర్వాత దగ్గుతారు, తర్వాత ఈలలేస్తారు. ఈవిడ ఏమీ అనదు. అనకపోవడమే ప్రాణం మీదికొచ్చింది ఆమెకి. ఇందాకట్నుంచీ బల్ల మీద కూర్చుని ఒక్కసారైనా ఎంతసేపు అనలేదు ఈవిడ, అన్నా బాగుండేది, తిట్టించుకున్న వాళ్ళకి ఎంత సుఖం! మొహం ఎటో పెట్టి వీధిలోకి చూస్తూ కూర్చుంది, ఆ చూపుకి ఏమి ఆనుతోందో ఆవిడకే తెలియాలి.

"అమ్మాయీ, ఒకటడుగుతాను, నవ్వకు" అంది ప్రాంప్టరమ్మ. "ఎదురుగా ఆ గేదె ఎవరిది? ఇందాకట్నుంచీ చూస్తున్నాను, కదలదు మెదలదు. ఎండలో అలాగే పడుకుంది పాపం. నీళ్ళు పెట్టేవాళ్ళు కూడా లేరా దానికి?"

ఎదురుగా గేదె లేదు, పట్టా కప్పిన టైర్ల గుట్ట ఉంది. అది గేదె కాదండీ టైర్లు అని చెప్పబోయింది ఆమె. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"గేదె కాదండీ, ఏనుగు."

అని ఆగిపోయింది. ఎవరన్నారు ఆ మాట? తనే. ఏనుగెక్కడిది? చెయ్యి దానంతట అది లేచి కళ్ళజోడు తీసేసింది. వీధి కరిగిపోయింది, అంచులన్నీ అలుక్కుపోయాయి, టైర్ల గుట్ట నెమ్మదిగా వీపు విరుచుకుని, తాడు కొసని తొండం చేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుంది. అంతే కదా! ఆ రోజు తన ముక్కు మీద కళ్ళజోడెక్కడుంది, మర వదులైందని బాబాయి లోపలికి పట్టుకెళ్ళాడుగా, అందుకేగా పనేమీ తోచక ఈ బల్ల మీద కూర్చున్నది, అందుకేగా లోపల్నుంచి కేక వేశాడు. పొద్దున్నుంచీ తను వెతుకుతున్నది కళ్ళజోడు పెట్టుకుని. కళ్ళజోడు పెట్టుకున్నంతసేపూ టైర్లు టైర్లే, తువ్వాళ్ళు తువ్వాళ్ళే. పాస్‌వర్డు అల్లింది ఈ చూపు కాదు, ఆ చూపు, పొగలో కుందేళ్ళని చూసిన పాత చూపు. ఎన్నాళ్ళయింది దాన్ని పలకరించి!

ప్రాంప్టరమ్మకి ముఖం కనబడకపోయినా ఊపిరి వినబడింది. ఎన్నేళ్ళ నుంచో చీకట్లో ఊపిర్లు విన్న మనిషి. ఏమిటని అడగలేదు, బల్ల మీద ఇంత దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఏనుగు..." అని అందించి ఊరుకుంది.

"ఏనుగు" అంది ఆమె. సెలూను వైపు చూసింది, అక్కడ మూసిన షట్టరు మసక తప్ప ఏమీ లేదు, ఆ రోజున్నవి ఇవాళ లేవు. తాడు మీద తెల్లగా, వరసగా, గాలికి మెడలు ముందుకి వంచుతూ...

"ఊఁ, ఏనుగు..."

"ఏనుగుకి గడ్డం గీస్తున్న కొంగలు!"

పొట్ట అడుగు నుంచి వచ్చింది నవ్వు, ఆ రోజు నవ్వే, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అక్కణ్ణుంచి చెక్కుచెదరకుండా వచ్చింది. సెలూను ముందు అంత పెద్ద ఏనుగు బుద్ధిగా గడ్డం ఎత్తి కూర్చుంటే, కొంగలన్నీ వరసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి వంగి గీస్తున్నాయి. ప్రాంప్టరమ్మ కూడా నవ్వింది, ఎందుకో పూర్తిగా తెలియకుండానే, ఏనుగుకి గడ్డమేమిటే అంటూ కళ్ళు ఒత్తుకుంది. గుమ్మంలో సాన మావయ్య కూడా నవ్వుతున్నాడు. ఆయన నవ్వు వినబడ్డాక గానీ ఆమెకి తెలివి రాలేదు, గబుక్కున నాలిక కరుచుకుంది. బాబాయికైనా చెప్పని పాస్‌వర్డు నడి షాపులో కేకేసి చెప్పేసింది.

"నా చెవిలో పడ్డ డైలాగు తెర దాటి పోదు తల్లీ" అంది ప్రాంప్టరమ్మ.

"నాకైతే అంత నిగ్రహం లేదు" అన్నాడు సాన మావయ్య. "రాత్రికి మీ అత్తయ్యకి చెప్పకుండా ముద్ద దిగదు నాకు."

"చెప్పుకోండి మావయ్యా, సాయంత్రం దాకా ఆగండి చాలు. అప్పటికి ఏనుగు గడ్డం గీయించుకుని వెళ్ళిపోతుంది."

మిగిలిన కాసేపూ ఆమె కళ్ళజోడు పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఎక్కడ టైర్లైపోతాయో అని భయం. గోడ పట్టుకుని లోపలికి నడిచి, మిషను తెరకి ముక్కు ఆనించి, గంట నిండగానే ఒక్కో అక్షరమూ ఇంట్లో పడుకున్న పసిబిడ్డ పక్కనుంచి నడిచినట్టు నొక్కింది. మిషను ఒక్క క్షణం తటపటాయించింది, ఆ క్షణంలో సాన మావయ్య అటు తిరిగి నిలబడ్డాడు, చూడలేనన్నట్టు. తర్వాత నీళ్ళ చప్పుడు, సన్నగా రాపిడి చప్పుడు, ఆ రెండూ కలిసి వీధి దాకా వినిపించేసరికి బల్ల మీంచి ప్రాంప్టరమ్మ చప్పట్లు కొట్టింది. కోసిన అద్దాలు ఫ్రేములో బిగించి, చెవుల వెనక వంపు సరిచేసి, ఆమె తన చేతుల్తోనే ఆవిడ ముక్కు మీద పెట్టింది. ఆవిడ మొట్టమొదట వీధిలోకి చూసింది. "ఓసినీ, టైర్లా!" అంది. ఆ తర్వాత ఆమె కేసి తిరిగి పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూసింది. "ఇంత చిన్నపిల్లవా నువ్వు! ఇందాకట్నుంచీ ఆ గొంతు విని నీకు ఇద్దరు పిల్లలుంటారనుకున్నాను." సంచీలోంచి స్క్రిప్టు తీసి, మధ్యలో ఎక్కడో తెరిచి, చేతులు చాచి ఒకసారి, దగ్గరికి పెట్టుకుని ఒకసారి చదివింది, తృప్తిగా మూసింది. "సాయంత్రం రా. వచ్చాక ఆ మహారాజు వైపు చూడకు, ఎడమ పక్క తెర వైపు చూడు. అది కాస్త కదిలితే నేనున్నానని."

ఆవిడ వీధి దాటేదాకా నిలబడి చూసి, ఆమె లోపలికొచ్చి మిషను ముందు కూర్చుంది. కొత్తది అల్లాలి. ఈసారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, గది నాలుగు మూలలా నెమ్మదిగా చూపు తిప్పింది. ఒక మూల ఏదో కదిలినట్టయింది, దాని పక్కన ఇంకేదో, వాటి మధ్య ఏదో గొడవ. పెదాలు బిగబట్టుకుంది. సాన మావయ్య మెడ సాచి "ఏం కనబడిందేంటి?" అన్నాడు, ఆమె తల అడ్డంగా ఊపి, తెరకి వీపు అడ్డం పెట్టి చకచకా కొట్టింది. కొట్టి, ఊరుకోలేదు. ఆ రోజు చేసిన తప్పు అదే కదా. ఒక్కసారి కొట్టి, నవ్వుకుని, మిషను దారిన మిషనుని వదిలేసి మళ్ళీ ఎప్పుడూ ఆ పాస్‌వర్డుని వేళ్ళతో ముట్టుకోలేదు. మనసుకి తెలిస్తే చాలదు, వేళ్ళకీ తెలియాలి. మిషనుని పూర్తిగా మూసేసింది. తెర నల్లబడగానే వెనక నుంచి సాన మావయ్య కెవ్వుమన్నాడు.

"తెరుచుకున్నదాన్ని మళ్ళీ మూస్తావేంటే తల్లీ! నీకు దండం పెడతాను!"

పాస్‌వర్డు చెప్పమంది మిషను. చెప్పింది. తెరుచుకుంది. సాన మావయ్య గుండె మీద చెయ్యేసుకుని స్టూలు మీద కూలబడ్డాడు. "ఇంకొక్కసారి మావయ్యా" అంది ఆమె, నవ్వు ఆపుకోలేక, మళ్ళీ మూసేస్తూ.